లాస్య చెయ్యి

నెలవాడలో ఏ ఇంట్లోంచీ పాట వినిపించదు. చంద్రుడి నేల కింద తవ్విన ఆ ఊళ్లో గోడలన్నిటికీ శ్రవణ సూదులు గుచ్చి ఉంటాయి. ఎక్కడైనా వెంట్రుకంత పగులు పుట్టి గాలి జారితే ఆ సన్నని చప్పుడును పట్టుకోవడం వాటి పని. అందుకని వీణ, డోలు, ఆఖరికి పిల్లల ఈల కూడా నిషేధం. ఒక్క ఎలక్ట్రిక్ గిటార్‌కే అనుమతి. తీగ మీటితే పక్కవాళ్లకు టిక్కుమన్న సవ్వడే తెలుస్తుంది. అసలు నాదమంతా వైరు గుండా వాయించేవాళ్ల చెవుల్లోకే పోతుంది.

అరవై ఏడేళ్ల తన్మయి మంచం అంచున కూర్చుని, ఒళ్లో గిటార్‌తో, తలుపు వంకే చూస్తోంది. తలుపు మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి: పడమటి సొరంగం మూతకు గంటా నలభై నిమిషాలు. సొరంగం పైకప్పు బీటలు వారింది. అందరూ తూర్పు సొరంగానికి పోవాలి. మధ్యలో రెండు వందల అడుగులు గాలి లేని నేల. ఒంటికి సూటు ఉంటేనే దాటగలరు. తన్మయి సూటు మంచం మీదే ఉంది. ఎడమ చేతి కవచం మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎక్కడం లేదు. ఆ చేతికి అప్పటికే ఒక తొడుగు ఉంది మరి.

దాన్ని స్మృతి తొడుగు అంటారు. కండరాల కదలికను గుర్తుంచుకునే దారంతో అల్లుతారు. పనితనం ఉన్న మనిషి కొన్నాళ్లు తొడుక్కుంటే, ఆ చేతి నేర్పు దారంలోకి ఎక్కుతుంది. తర్వాత ఇంకొకరు తొడుక్కుంటే దారం ముడుచుకుని వాళ్ల వేళ్లను సరైన చోటికి లాగుతుంది. పాఠం వచ్చేదాకా తొడుగు ఊడదని, వచ్చాక తనంతట తానే జారిపోతుందని, దాంతో ఆ చేతి జ్ఞాపకం కూడా చెరిగిపోతుందని ఊరంతా చెప్పుకుంటారు.

తన్మయి చేతికున్నది చెల్లెలు లాస్య తొడుగు. లాస్య పోయి ఏడు నెలలు. నెలవాడలో శవాన్ని ఉంచరు, ఫొటోకు దండ వేయరు. మిగిలేది తొడుగొక్కటే.

జీవితమంతా నీటి పంపుల దగ్గర పనిచేసిన ఆ చేతికి మొదట్లో వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. అయినా మొదటి కార్డ్ మీద, కొన్ని తీగలు కలిసి మోగే ఆ పట్టు మీద, తన వేళ్లను ఎవరో మెల్లగా జరిపి కూర్చోబెట్టినప్పుడు తన్మయి పెద్దగా ఏడ్చేసింది. గోడ సూదులు మోగి, మరమ్మతువాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు తలుపు తెరుచుకుని ఒక ఇంజనీరు లోపలికొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పేరు జెసింత. ఈ తొడుగులు అల్లే ప్రయోగశాల ఆమెదే. సూటు వేసుకునే ఉంది. ఎడమ చెయ్యి సూటు ముందు జేబులో పెట్టుకుని, కుడి చేత్తోనే పరీక్ష పలకను మంచం మీద పెట్టింది.

"మీరేనాండీ తన్మయి పిన్నిగారంటే? ఈ వరసలో మీరొక్కరే మిగిలిపోయారు. చెయ్యి ఇలా ఇవ్వండి."

"కోసేస్తావా?"

"కత్తి పెడితే దారం ముడుచుకుపోయి వేళ్లను నలిపేస్తుందండి. పాఠం ఎంతవరకు వచ్చింది?"

"మూడో కార్డ్. ఏడు నెలలైంది."

"ఏడు నెలల్లోనా?" జెసింత నవ్వింది. "మా అబ్బాయి మూడు రోజుల్లో నేర్చేశాడండి. ఆ తర్వాత వాణ్ణి ఆపలేక చచ్చాం."

తన్మయి నవ్వలేదు. తీగల వంక చూస్తూ, "నాకు వచ్చమ్మా," అంది. "ఎప్పుడో వచ్చేసింది. ఉంగరపు వేలు కావాలనే వెనక్కి పెడుతున్నాను. తీగ జుయ్యిమంటుంది, పాఠం తప్పుతుంది. తప్పినంతకాలం అది నా చేతికే ఉంటుంది కదా."

జెసింత పలకను తొడుగుకు ఆనించి అంకెలు చూసింది. మళ్లీ ఆనించి చూసింది.

"పిన్నిగారూ, ఇందులో ఏమీ లేదండి. జ్ఞాపకం అయిపోయి అయిదు నెలలైంది."

"అబద్ధం. పొద్దున కూడా లాగింది. చిటికెన వేలిని పట్టుకుని..."

"జ్ఞాపకం అయిపోయాక దారానికి ఒకటే తెలుసండి. చెయ్యి ఎంత బిగిస్తే అదీ అంత బిగుస్తుంది. మీ బిగువే మీకు తిరిగొస్తోంది. ఇన్నాళ్లూ మీ వేళ్లను లాగింది మీరే."

తలుపు మీద అంకె గంటకు దిగింది. తన్మయి తొడుగు వంక చూసింది. అయిదు నెలలుగా తను ఎవరికి శుభోదయం చెబుతున్నట్టు? ఎవరు ముట్టుకుంటున్నారని చెయ్యి కడుక్కోకుండా దాచుకుంది?

"మరి తాళం?" అంది చివరికి. "పాఠం వచ్చేదాకా ఊడకుండా తాళం పెట్టారు కదా మీరు?"

"తాళం లేదండి. ఎప్పుడూ లేదు. పాఠం వచ్చినవాళ్ల చెయ్యి వదులవుతుంది, అందుకని జారేది. మొదటి రోజు వదులు చేసినా వచ్చేసేది. డబ్బాలో కాగితం మీద రాశాం."

తన్మయి చేతికందిన ప్రతి కాగితాన్నీ చదివే మనిషి. బడికి వెళ్లకుండా, పంపుల మీది సూచనలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. ఆ కాగితాన్ని కూడా ఇరవైసార్లు చదివింది. చెయ్యి వదులు చేస్తే తొడుగు వచ్చేస్తుంది, అన్న వాక్యం అందులో నాలుగో వరసలో ఉంది. ఆమెకు కంఠతా వచ్చు.

కళ్లు మూసుకుంది. లాస్య మాట గుర్తొచ్చింది. తను గిటార్ మెడను పీక పిసికినట్టు పట్టుకుంటే లాస్య పడీపడీ నవ్వేది. "అది పారిపోదే అక్కా! నిద్రపోతున్న పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో."

తన్మయి వైరు కొసలు చెవులకు తగిలించుకుని బొటనవేలు సడలించింది. ఉంగరపు వేలిని ముందుకు, దాని అసలు చోటికి జరిపింది. మీటింది. ఏడు నెలల్లో మొదటిసారి ఆ కార్డ్ చెవుల్లో నిండుగా మోగింది. అది ఇంకా మోగుతుండగానే తొడుగు పాము కుబుసంలా జారి ఒళ్లో పడింది. లోపలున్న చెయ్యి తెల్లగా, ముడతలు పడి, బొత్తిగా ముసలిదిగా ఉంది. అచ్చంగా తనదే.

ఆమె సూటు తొడుక్కుంది. ఎడమ కవచం సులువుగా ఎక్కింది. ముప్పై అయిదు నిమిషాలు.

"పద తల్లీ. నీ కవచం ఏది?"

జెసింత కదల్లేదు.

అప్పుడు చూసింది తన్మయి. వచ్చినప్పటి నుంచీ ఆ అమ్మాయి ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. ఆ వైపు కవచం తొడగకుండా నడుము పట్టీకి వేలాడుతోంది.

"తియ్యి, చూస్తాను."

జెసింత చెయ్యి తీసింది. పిడికిలికి ఒక పాత తొడుగు, అంచులు పీచులు లేచి, చర్మంలో కలిసిపోయినట్టుంది.

"మా నాన్నది," అంది. "వెల్డింగు చేసేవాడండి. నేను అల్లిన మొట్టమొదటి తొడుగు ఇదే. తొమ్మిదేళ్లయింది. రెండు సొరంగాలనూ కలిపే గాలి గొట్టం దారి ఉన్నప్పుడు కవచం తొడుక్కునే పని లేకపోయింది, అలాగే వచ్చేశాను. ఇందాక ఆ దారి మూసేశారు."

"తాళం లేదన్నావు కదే!"

"లేదండి. నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఖాళీ అని కూడా తెలుసు. అయినా రావట్లేదండి." తొడుగు అంచు పట్టి లాగి చూపించింది. "మీరు వెళ్లిపోండి పిన్నిగారూ. నేను ప్రయత్నిస్తాను."

తన్మయి తలుపు వంక చూసింది. ముప్పై మూడు. తన కుడి కవచం విప్పి మంచం మీద పెట్టింది. జెసింతను భుజం పట్టి కూర్చోబెట్టి, గిటార్ ఆమె ఒళ్లో పెట్టి, వైరు రెండు కొసల్లో ఒకటి ఆమె చెవికి, ఒకటి తన చెవికి తగిలించింది.

"నాకు సంగీతం రాదండి!"

"నాకు మాత్రం వచ్చా ఏమిటి? ఇక్కడ పెట్టు వేలు. అబ్బబ్బ, పీక పిసక్కే! అది పారిపోదు." తన కుడి చేతిని ఆ బిగిసిన పిడికిలి కింద, ఆనీ ఆననట్టు పెట్టింది. "ఊఁ, మీటు."

తీగ జుయ్యిమంది. మళ్లీ జుయ్యిమంది. ఇరవై ఆరు. పందొమ్మిది. అంకె పద్నాలుగుకు దిగినప్పుడు, మణికట్టు దగ్గర ఆ పాత తొడుగు అంచు ఒక్క నూలు పోగంత వెనక్కి జరిగింది.

"అదీ," అంది తన్మయి, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా. "చూడకు దానివైపు. మళ్లీ మీటు."