లోలా చెరిపేసిన మాట

పొద్దున్నే రోసెండా ఎండుచేపలు వేయించి, వెల్లుల్లి అన్నం బల్ల మీద పెట్టింది. నాలుగేళ్ళ మనవరాలు దాలియా కాళ్ళూపుకుంటూ తింటోంది. కొడుకు రోదెల్ అప్పటికే సవారీల కోసం ట్రైసికిల్ ఆటో తీసుకుని ఇలోయిలో ఊరి ఓడరేవుకి వెళ్ళిపోయాడు. కోడలు జోవెలిన్ వాడలోని పసిపిల్లల బడిలో టీచరు. ఆమె పిల్ల సంచీ సర్దుతోంది.

"ఇండాయ్ తల్లీ, ఆ వానపాముల పుస్తకం ఇవాళ కూడా మోసుకెళ్తున్నారా?" అంది రోసెండా కోడలితో.

"వానపాములేంటి నానయ్! చిన్న ఏబీసీడీలు. ఈ నెలంతా అవే." అత్తగారిని అమ్మా అని పిలిచినట్టే నానయ్ అంటుంది జోవెలిన్.

"పెద్ద ఏబీసీడీలు నేను ఎప్పుడో నేర్పేశాను. తన పేరు గోడ మీద బొగ్గుతో రాసేది నా బంగారుతల్లి. నీ బడికొచ్చాక ఉన్నదీ మర్చిపోతోంది."

"పుస్తకాల నిండా ఉండేవి చిన్నవే కదా. చదవాలంటే అవి రావద్దూ?"

"నీ మొగుడికి అక్షరాలు దిద్దించింది ఎవరనుకున్నావు? నేనే!"

నలభయ్యేళ్ళు సంతలో చేపలమ్మిన నోరు. జోవెలిన్ పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

బడిలో ఆమె బోర్డు మీద నాలుగు గీతలు గీసింది. "ఇది ఇంటి కప్పు, ఇది కిటికీ, ఇది నేల, ఇది నేల కింద కోళ్ళుండే చోటు. పొడుగువాళ్ళు కప్పు దాకా నిలబడతారు. పొట్టివాళ్ళు కిటికీ దగ్గరే ఆగుతారు. తోకున్నవాళ్ళు తోక కోళ్ళ మీదికి వేలాడేస్తారు." పిల్లలు ముందు ఇసుక పళ్ళెంలో వేలితో, తర్వాత కాగితం మీద లావు పెన్సిలుతో దిద్దారు. దాలియా నాలుక బయటపెట్టి మరీ రాసింది.

మధ్యాహ్నం దాలియా నానమ్మ దగ్గర ఉంటుంది. నానమ్మని లోలా అని పిలుస్తుంది. జోవెలిన్ రెండో జట్టు పిల్లలకు కూడా చెప్పి, సాయంత్రం ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలో వెక్కివెక్కి ఏడుస్తోంది.

"లోలా చెరిపేసింది! నేను రాసింది చెరిపేసింది!"

పుస్తకం తెరిస్తే కాగితం చిరిగేంతగా రుద్దిన మరక. దాని మీద ఇంతింత పెద్దక్షరాలతో దాలియా పేరు, రోసెండా చేతిరాత.

జోవెలిన్ ఓర్పు అక్కడితో తెగిపోయింది.

"మీకు నా మీద కోపముంటే నన్ను తిట్టండి నానయ్! పసిదాని పుస్తకం మీద చూపిస్తారా? ముప్ఫైమంది పిల్లలకు నేను చెప్పింది పనికొస్తుంది, నా ఇంట్లో మాత్రం పనికిరాదు!"

"ఏం చేశానని అంతంత మాటలు? పిచ్చిగీతలుంటే చెరిపి పేరు రాశాను."

"పిచ్చిగీతలా? అదేంటో చూశారా అసలు?"

"చూడకేం! నేనేమైనా గుడ్డిదాన్నా? నూటొకటి రాసింది. పక్కనొక సున్నా, దానికో తోక. రాత పుస్తకంలో లెక్కలెందుకని చెరిపేశాను!"

జోవెలిన్ ఆ గీతల్ని మనసులోనే గీసి చూసుకుంది. నిలువుగీత, సున్నా, నిలువుగీత, తోకున్న సున్నా. నాలుగు చిన్నక్షరాలు: ఎల్, ఓ, ఎల్, ఏ.

దాలియా కళ్ళు తుడుచుకుంటూ అంది, "నూటొకటి కాదు. లోలా అని రాశాను. నీకిద్దామని."

రోసెండా చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది. పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ మరకను వేలితో తడిమింది. ఏమీ కనిపించలేదు. గట్టిగా రుద్దింది మరి.

అయిదేళ్ళుగా చూసినవన్నీ జోవెలిన్‌కి అప్పుడు అర్థమయ్యాయి. ఇంటికేదైనా కాగితమొస్తే రోసెండా "కళ్ళజోడు పాడైంది, నువ్వు చదువమ్మా" అనేది. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని పెదవులు మాత్రం కదిపేది. దుకాణాల బోర్డులు గడగడా చదివే మనిషి మందు సీసా మీది కాగితం ఎప్పుడూ చదవలేదు.

"నానయ్... ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను?" అంది రోసెండా. "నేను బడి మొహం చూడలేదు. రేవులో కూర్చుని పడవల ముక్కుల మీది పేర్లు చూసి నేర్చుకున్నాను. తర్వాత బియ్యం బస్తాల మీద. అవన్నీ పెద్ద ఏబీసీడీలే. టీచరు కోడలొచ్చిందని సంతంతా చెప్పుకున్నదాన్ని. నాకు సగమే వచ్చని నీతో ఎలా అనను? దీనికి నేనివ్వగలిగింది ఆ సగమే. అదీ వద్దంటే నేనెందుకిక?"

జోవెలిన్ అత్తగారి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయింది.

"వద్దని కాదు నానయ్. మీరు నేర్పడం వల్లే దాలియా మా బడిలో అందరికంటే ముందు పెన్సిలు పట్టింది. నేనే ఆ మాట ఒక్కసారి కూడా మీతో అనలేదు."

ఇద్దరూ ఏడుస్తుంటే చూడలేక దాలియా పుస్తకం తిప్పి కొత్త పేజీ తీసింది. నానమ్మ ఒళ్ళోకెక్కి పెన్సిలు చేతిలో పెట్టింది.

"నేను చెప్తా, నువ్వు రాయి. కప్పు నుంచి నేల దాకా కర్ర. పక్కన బంతి. మళ్ళీ కర్ర. మళ్ళీ బంతి, దానికో పొట్టి తోక, నేల దాకానే."

చేపల మంచుపెట్టెలు మోసిన ఆ చెయ్యి పెన్సిలును గట్టిగా బిగించింది. కర్ర వంకర పోయింది. బంతి కిటికీ దాటి కప్పును తాకింది. రోసెండా తోక కూడా గీసి, మనవరాలి మొహంలోకి చూసింది.

దాలియా చాలాసేపు పరీక్షగా చూసి, అమ్మ బడిలో అన్నట్టే అంది.

"బాగుంది లోలా. కానీ అంత గట్టిగా నొక్కకు. కాగితానికి నొప్పెడుతుంది."