ఊపిరిగొడుగు

2083 శీతాకాలం. భీమిలి తీరంలో సముద్రం అడుగున కట్టిన గాజు టీ హాలు. అందులో అరవై కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక్కో ఊపిరిగొడుగు. గొడుగంటే గుడ్డా కాదు, చువ్వలూ కాదు, వట్టి గాలి. కూర్చున్న మనిషి ఊపిరిని మెల్లగా పైకి లాగి, అతినీలలోహిత దీపాల మధ్య శుద్ధిచేసి వదులుతుంది. ఊపిరిలో ఫ్లూ వైరస్ ఉంటే దాని లేతనీలం వెలుగు ఊదారంగుకి తిరుగుతుంది. గాజుకి అవతల చేపలు, ఇవతల ఆ వెలుగులో తేలుతున్నట్టు మనుషులు. ఎవరు ఎవరిని చూడ్డానికి వచ్చారో చెప్పడం కష్టం.

గొడుగుల్ని కనిపెట్టింది డాక్టర్ హైమవతి. నడిపేది వింజామర అనే యంత్రం.

రెండేళ్లు వరసగా ఈ హాల్లోనే ఫ్లూ అంటుకుని ఊరంతా పాకింది. ఈ చలికాలం ఒక గొడుగు నుంచి మరో గొడుగుకి అంటితే చాలు, హాలు మూసేస్తామన్నారు అధికారులు. యజమాని కూర్మారావుకి ఇది తప్ప వేరే బతుకు లేదు.

గడువు ముగిసే సాయంత్రం తొమ్మిదో టేబుల్ దగ్గర ఊదారంగు వెలిగింది. పడవలు బాగుచేసే సింహాద్రికి ఫ్లూ. ఎదురుగా ఉన్న భార్య పైడమ్మ లేచి, కుర్చీ లాక్కుని అతని గొడుగులోకే వెళ్లి కూర్చుంది. వాళ్లు రోజూ తాగేది వన్ బై టూ టీ, ఒక్క టీ ఇద్దరికి సగం సగం.

హైమవతి పరుగున వచ్చింది. "ఇవతలికి రండమ్మా, మీకూ అంటుకుంటుంది."

"ఇంటికెల్తే ఈ మనిషి పక్కనే కదమ్మా పడుకునేది. ఇక్కడ మాత్రం ఎడమేటి?"

కూర్మారావు మొహం పాలిపోయింది. "అయిపోనాది డాక్టరమ్మా. హాలు మూతే."

"మూత అక్కర్లేదు," అంది వింజామర. "ఊపిరి గొడుగు దాటలేదు. అయినవాళ్లంతా చలికాలం పొడుగునా ఇలాగే కుర్చీలు లాక్కున్నారు. పరాయివాళ్లకి మాత్రం ఒక్కరికీ అంటలేదు. ఉన్నదున్నట్టు అధికారులకి రాసి పంపాను. హాలు ఉంచమన్నారు."

కూర్మారావు కళ్లు తుడుచుకున్నాడు. హైమవతికి మాత్రం ఉక్రోషంగా ఉంది. "గొడుగుకి ఒక్కరే అన్నాను. నేను చెప్పినట్టు వాడిన గొడుగు ఒక్కటైనా ఉందా?"

"ఉంది. మూలనున్న మీ గొడుగు. మొదటి రోజు నుంచీ దాని కింద మీ ఊపిరి ఒక్కటే."

గర్వపడాల్సిన మాటే. ఆమెకి ఏడుపొచ్చింది. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

"టీ తెమ్మంటారా?" అన్నాడు కూర్మారావు.

"వన్ బై టూ."

"రెండో సగం ఎవలికండీ?"

హైమవతి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూసింది.

"తెలీదు. ముందు తెండి."