ఎదురు కాలేజీ ఆయన

జతల జాబితా చదవడం పూర్తవగానే ఆమె చెయ్యెత్తింది.

"మేడం, నాకు వేరే ఎవరినైనా జత చెయ్యండి."

ప్రైవేటు కాలేజీలు నడిపే ప్రెసిడెంట్లకు రెండు వారాల శిక్షణ అది. పాఠాలు చెప్పేవాళ్ళెవరూ ఉండరు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. జతలో ఉన్నవాళ్ళు తమ అసలు ఇబ్బంది దాచకుండా చెప్పుకోవాలి, ఒకరి కాలేజీకి ఒకరు వెళ్ళి రోజంతా చూడాలి. దీన్ని నడిపిస్తున్నావిడ కూడా ప్రెసిడెంటుగా చేసి రిటైరైన మనిషే.

"ఎందుకమ్మా?" అందావిడ.

"ఆయనది మా ఎదురు కాలేజీ."

"మరీ మంచిది. దూరాభారం ఉండదు."

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ ఎదురు కాలేజీ ఆయనే. బుగ్గన సొట్ట కూడా పడింది. దొంగలకు సొట్టలు పడకూడదని రూలేమీ లేదుగా, అనుకుందామె.

ఆమె కాలేజీని స్థాపించింది మేనత్త. మోకాళ్ళు మొరాయించడంతో నాలుగు నెలల క్రితం కుర్చీ మేనకోడలికి అప్పగించి, ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. "రోడ్డుకవతలివాడు నవ్వుతూ పలకరించాడంటే తలుపు గడియ చూసుకోవే." క్రితం ఏడాది ఇద్దరు లెక్చరర్లు రోడ్డు దాటి అటు వెళ్ళిపోయారు మరి. అందుకే కుర్చీ ఎక్కినప్పట్నుంచీ వరండాలో ఎవరు ఎవరితో గుసగుసలాడినా ఆమె ఓ కంట కనిపెడుతూనే ఉంది. స్టాఫ్‌రూంలో తనకు 'సీసీ కెమెరా' అని పేరు పడిందని ఆమెకూ తెలుసు.

"ముందు మీరు చెప్తారా?" అన్నాడతను నోటుబుక్కు తెరిచి.

"అందులో ఏం రాసుకుంటారు?"

"మీరు చెప్పేది."

"అయితే రాసుకోండి. మా కాంటీన్‌లో టీ బాగోదు. అదే మా పెద్ద సమస్య."

అతను నిజంగానే రాసుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

తన వంతు రాగానే అతను పెన్ను పక్కన పెట్టాడు. "నేను గదిలోకి అడుగు పెడితే మాటలు ఆగిపోతాయండీ. ఏం చెప్పినా 'బాగుంది సార్' అంటారు. ఏది బాగుందో నాకే తెలీదు. ఈ రెండేళ్ళలో నాతో నిజం మాట్లాడిన మనిషి ఒక్కరూ లేరు."

ఆమె చప్పున తలెత్తి చూసింది. అది తన మాట కూడా. మరుక్షణమే సర్దుకుంది. వల వేసేవాడు ముందు గింజలే కదా చల్లేది!

నాలుగో రోజు అతను ఆమె కాలేజీ చూడటానికి వచ్చాడు. జల్లు పడుతోంది. చేతిలో గొడుగు లేదు, తలంతా తడి. గొడుగు గేటు దగ్గర ఇద్దరమ్మాయిలకు ఇచ్చేశాడట. మంచి వేషమే, అనుకుంది.

నీడలా వెంటే తిరిగింది. ఒక్క ఫోను మాట్లాడి వచ్చేసరికి, ల్యాబ్ గుమ్మంలో కెమిస్ట్రీ మేడం కళ్ళొత్తుకుంటూ అతనితో ఏదో చెబుతోంది. ఆమెను చూడగానే ఇద్దరూ గప్‌చుప్.

"ఏంటి సంగతి?" అని అతన్ని నిలదీసింది.

"ఆవిడనే అడగండి."

ఆమె అడగలేదు. కనిపెట్టడం అలవాటే గానీ, అడగడం ఆమెకు చేతకాదు.

మర్నాడు ఉదయం బల్ల మీద కెమిస్ట్రీ మేడం రాసిన కాగితం ఉంది. 'పదకొండేళ్ళు పనిచేశాక, ఈ కాలేజీ వదిలి వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.' మిగతాది చదవలేదామె. కాగితం పట్టుకుని వానలోనే రోడ్డు దాటింది.

అతని గదిలో నలుగురు లెక్చరర్లు కూర్చుని ఉన్నారు. ఆమెకు వాళ్ళు కనబడనే లేదు.

"కాలేజీ చూడమంటే వాసాలు లెక్కపెట్టారన్నమాట! ఇద్దరు చాలలేదా? మూడో మనిషి కూడా కావాల్సొచ్చిందా?"

లెక్చరర్లు ఒకరి వెనకాల ఒకరు జారుకున్నారు. అతను కాగితం అందుకుని రెండు వైపులా చూసి తిరిగిచ్చాడు.

"వెనక వైపు చదివారా?"

"ఎందుకు చదవాలి?"

"చదువుతూ ఉండండి. తుడుచుకోవడానికి తువ్వాలు తెస్తాను."

వెనక్కి తిప్పింది. 'అదంతా నిన్నటిదాకా. ఎదురు కాలేజీ సార్‌ని ఉద్యోగం కూడా అడిగాను. ముందు మీ మేడంతో ఒక్కసారి మనసు విప్పి మాట్లాడండి, అప్పటికీ వెళ్ళాలనిపిస్తే చూద్దాం అన్నారు. ల్యాబ్‌లో గాలాడక పిల్లలు దగ్గుతున్నారు. చెబుదామని మూడుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి, మీ చూపుకు జంకి వెనుదిరిగాను. మీరు వింటానంటే ఉంటాను.'

అక్షరాలు మసకబారాయి. వాన నీళ్ళు కావవి.

"మరి ఆ ఇద్దరు?" అంది గొంతు తగ్గించి.

"ఎందుకొస్తున్నారని అడక్కుండానే చేర్చుకున్నాను. నాదే తప్పు." తువ్వాలు అందించాడు. "ఒక్క మాట. ఈ గదిలో నన్ను మొహం మీద తిట్టిన మొదటి మనిషి మీరే. ప్రాణం లేచొచ్చింది!"

నవ్వాలో ఏడవాలో తెలియక, ఆమె తువ్వాలులో మొహం దాచుకుంది.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌లో కెమిస్ట్రీ మేడం పక్కన కూర్చుని గంటసేపు దగ్గుతూ విన్నది. వారం తిరక్కుండా కిటికీలు వెడల్పు చేయించింది. శిక్షణ ఆఖరి రోజున అందరి ముందూ లేచి నిలబడింది.

"కాంటీన్ టీ సంగతి అబద్ధమండీ. నేనెవర్నీ నమ్మను. అదే నా ఇబ్బంది."

ఎవరూ నవ్వలేదు. ముందుగా తలూపింది అతనే.

శిక్షణ ముగిసినా ప్రతి గురువారం కలిసి కాలేజీ కష్టాలు చెప్పుకోవడం మాత్రం ఆగలేదు. ఓ గురువారం, కష్టాలు అయిపోయాక, అతను ఉన్నట్టుండి అన్నాడు.

"మీరంటే నాకిష్టం."

"ఎందుకు?" అంది ఆమె, అలవాటు చొప్పున.

"తెలిస్తే చెప్పనా!"

ఆ జవాబులో తిరకాసేమైనా ఉందేమోనని రాత్రంతా ఆలోచించింది. తెల్లారేసరికి అనుమానం పోయి సిగ్గు మిగిలింది.

మూడు నెలలకు అతను మేనత్త ఇంటికి వచ్చాడు.

"రెండు కాలేజీలూ కలిపేద్దామనా?" అంది మేనత్త కళ్ళజోడు సర్దుకుంటూ.

"లేదండీ. ఎవరి కాలేజీ వాళ్ళదే. మీ మేనకోడల్ని పెళ్ళి చేసుకోవాలని వచ్చాను."

"ఇందులో మతలబేంటి?"

అతను నోరు తెరిచేలోగా తలుపు పక్క నుంచి ఆమే ముందుకొచ్చింది.

"నేనూ మూడు నెలల్నుంచి వెతుకుతున్నానత్తా. ఏమీ దొరకలేదు."

మేనత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చివరికి నవ్వేసి, "నిలబడే ఉన్నావేంటి నాయనా? కూర్చో," అంది.