చంపింది నేనే

ఆ ఉత్తరపు తీరాన సూర్యుడు మొహం చాటేసిన నెల అది. గ్రాస్‌విక్ ఇంట్లో పొద్దుటి జావకీ సాయంత్రం జావకీ ఒకటే చీకటి. పొయ్యి ముందు కూర్చుంటే మోకాళ్ళు కాలతాయి, వీపు గడ్డకడుతుంది. ఇంటిపెద్ద ఓర్మ్ ఎండుచేపని బండ మీద పెట్టి సుత్తితో కొట్టి మెత్తబరుస్తున్నాడు. పని మనిషి గ్రోవా ముసలిది కుండ అడుగు గీకుతూ, గీకిందంతా తనే తింటోంది. మిగతా మగవాళ్ళందరూ చేపల వేటకి దక్షిణపు దీవులకి పోయారు. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరూ, ఓర్మ్ ఒక్కగానొక్క కూతురు యోరున్.

ఇంటి ముందున్న ఆ సముద్రపు పాయ పొడుగునా యోరున్ పేరు చెబితే పెద్ద పెద్ద వీరులే డాలు ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాళ్ళు. ఆ మనిషికి ఇప్పుడు చెంచా ఎత్తే ఓపిక కూడా లేదు.

"తినవే తల్లీ," అంది గ్రోవా. "అంత శత్రువుని పడగొట్టినదానివి, ఇలా ఎండిపోతే జనం ఏమనుకుంటారు?"

"ఆకలి లేదవ్వా."

"లేకపోవడమేమిటి? నీ వయసులో నేను తిమింగలాన్ని తోకతో సహా తినేదాన్ని."

"తినేసినట్టే ఉన్నావు," అన్నాడు ఓర్మ్ సుత్తి ఆపకుండా. "అందుకే మన పాయలోకి ఒక్కటీ రావడం లేదు."

గ్రోవా కిసుక్కున నవ్వింది. యోరున్ నవ్వలేదు. ఆకురాలు కాలంలో పాయ నడుమ రాతిదిబ్బ మీద జరిగిన పోరు తర్వాత ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు.

పాయకి అవతలి ఒడ్డున హోల్మ్ వాళ్ళ ఇల్లు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నీళ్ళ మధ్యలో రాతిదిబ్బ, దాని మీద ఎండ కాచుకునే సీళ్ళు, అంటే తోలుకీ కొవ్వుకీ వేటాడే సముద్రపు జంతువులు, ఆ సీళ్ళు మావంటే మావని తాతల నాటి తగువు. ఏటా పడవలేసుకుని వెళ్ళి కొట్టుకోవడం, గాయాలు కట్టుకుని తిరిగి రావడం. హోల్మ్ వాళ్ళలో అస్నీ అనే పిల్ల ఉండేది. తాటిచెట్టంత పొడుగు. గొడ్డలి ఎడమచేత్తో తిప్పేది కాబట్టి దెబ్బ ఎటునుంచి వస్తుందో ఎవరికీ అంతుబట్టేది కాదు, ఒక్క యోరున్‌కి తప్ప.

"ఏమే యోరున్, ఆ డాలు వెనక నువ్వున్నావా, లేక డాలే నడిచొస్తోందా?" అని అరిచేది అస్నీ పడవలోంచి.

"నువ్వు వంగేలోపు నీ మోకాళ్ళు నరికేసి, ఇంటికెళ్ళి జావ తాగుతానే గుర్రం మొహందానా!" అని తిరిగి అరిచేది యోరున్.

రెండు ఒడ్ల జనమూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. వాళ్ళకి తెలియనిది ఒకటుంది. ఒక తుఫానులో ఇద్దరి పడవలూ కొట్టుకుపోయి, ఇద్దరూ ఆ దిబ్బ మీదే చిక్కుకున్నారు. ముందు చంపుకుందామనుకున్నారు. తర్వాత చలి వేసింది. ఉన్నది ఒకటే గొంగడి. తుఫాను తగ్గేసరికి ఇద్దరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు.

అప్పటినుంచీ వాళ్ళ యుద్ధమంతా నాటకమే. దెబ్బలన్నీ డాళ్ళ మీదే పడేవి. కేకలు మాత్రం ఆకాశాన్ని అంటేవి. ఎంత బాగా ఆడేవాళ్ళంటే, చూసేవాళ్ళ గుండెలు గొంతులోకి వచ్చేవి. ఆ బాగా ఆడటమే కొంప ముంచింది. ఆ రోజు యోరున్ వెల్లకిలా పడింది. అస్నీ మీదికొచ్చి గొడ్డలి ఎత్తి, ఎవరికీ కనపడకుండా కన్ను కొట్టింది. రాళ్ళ వెనక ఉన్న ఓర్మ్‌కి గొడ్డలి కనిపించింది కానీ ఆ కన్ను కనిపించలేదు. కూతురి ప్రాణం పోతోందనుకుని ఈటె విసిరాడు. అస్నీ అలా కన్ను కొడుతూనే యోరున్ మీద కూలిపోయింది.

ఆ తీరాల్లో ఒక కట్టుబాటు ఉంది. శత్రువు శవాన్నయినా పక్షులకి వదలకూడదు. చంపినవాళ్ళు శవం తల దగ్గర నిలబడి, నిన్ను చంపింది నేనే అని అందరూ వినేలా చెప్పాలి. అలా చెప్పినవాళ్ళకే ఆ కళ్ళు మూసే హక్కు, ముక్కు మూసే హక్కు, మీద రాళ్ళు పేర్చే హక్కు. ఇంకొకరు వేలు పెట్టకూడదు. హోల్మ్ వాళ్ళు పడవలెక్కి పారిపోయారు. ఓర్మ్ ముందుకొచ్చి నోరు తెరవబోయాడు.

"అస్నీ, నిన్ను చంపింది నేనే," అంది యోరున్.

ఓర్మ్ ఆశ్చర్యంగా చూశాడు. కూతురు పేరు కోసం ఆశపడిందనుకున్నాడు. పోనీలే, పిల్ల ముచ్చట తీరనీ అనుకుని మీసం చాటున నవ్వుకుని తప్పుకున్నాడు. యోరున్ ఆ కళ్ళు మూసింది. ఎంత నెమ్మదిగా మూసిందో ఎవరూ పట్టించుకోలేదు. అస్నీ చెప్పులు ఎవడో అప్పుడే కాజేశాడు. చచ్చినవాళ్ళు చాలా దూరం నడవాలి. అందుకని తన చెప్పులు విప్పి ఆ కాళ్ళకి కట్టి, రాళ్ళు పేర్చి, ఉత్తికాళ్ళతో ఇంటికొచ్చింది. ఆ రాత్రి విందులో ఆమెని పెద్దపీట మీద కూర్చోబెట్టారు. చేతికి వెండి కడియం తొడిగారు. అందరూ ఆమె పేరున తాగుతుంటే, బయటికెళ్ళి మంచులో వాంతి చేసుకుంది.

ఒకటే ప్రశ్న ఆమెని తొలిచేస్తోంది. చచ్చినవాళ్ళకి వినపడుతుందా? వినపడితే, అస్నీ ఆ మాట నమ్మిందా?

ఇదిగో, ఆ చీకటి నెలలో, జావ కుండ ఖాళీ అయిన ఆ సాయంత్రం, ఇంటి కప్పు మీద చప్పుడైంది.

దబ్. దబ్.

"మేక ఎక్కినట్టుంది," అంది గ్రోవా ఆవలిస్తూ.

మేకలన్నీ లోపలే, గోడవతల కొట్టంలో ఉన్నాయి. ఇందాకటిదాకా నెమరు వేస్తున్న చప్పుడు కూడా వినిపించింది. ఇప్పుడు ఒక్కటీ కదలడం లేదు. ఓర్మ్ సుత్తి ఆగిపోయింది. కప్పు వెన్ను మీద ఎవరో గుర్రమెక్కినట్టు కూర్చుని, మడమలతో తాపీగా తన్నుతున్నట్టుంది. కప్పు మీది పచ్చికలోంచి మట్టి రాలి పొయ్యిలో పడింది. పొగ గూటిలోంచి ఒక వాసన దిగింది. తడిరాయి వాసన, కుళ్ళిన నాచు వాసన, వాటి అడుగున ఎక్కడో యోరున్‌కి బాగా తెలిసిన ఒక మనిషి జుట్టు వాసన.

"నేను చూసొస్తా," అంది.

"కూర్చోవే," అన్నాడు ఓర్మ్.

ఆమె అప్పటికే సీలు కొవ్వు దీపం పట్టుకుని తలుపు దాటింది.

బయట గాలి లేదు. మంచు కురిసి ఆగింది. ఇంటి చుట్టూ అడుగుజాడలు... వంగి చూసింది. ఎడమ మడమ దగ్గర అతుకు. అవి తన చెప్పుల జాడలే. తను ఇప్పుడు వేసుకున్నవి కావు. దీపం ఎత్తింది. చూరు అంచున రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. చాలా పొడుగు కాళ్ళు.

"చలేస్తోందే," అంది అస్నీ.

యోరున్‌కి భయం వేసింది, నిజమే. కానీ భయం కన్నా ముందు ఏడుపొచ్చింది.

"నేను కాదు," అంది గుసగుసగా. "అస్నీ, ఒట్టు... నేను కాదు..."

"తెలుసు. ఈటె వస్తుంటే మీ నాన్న చెయ్యి చూశాను."

యోరున్ గోడ పట్టుకుని మంచులో చతికిలబడింది. ఇన్నాళ్ళూ గుండె మీద మోసిన బండ ఒక్కసారిగా దిగిపోయింది.

"మరెందుకొచ్చావు?"

"నువ్వే పిలిచావుగా. నా తల దగ్గర నిలబడి చెప్పావు." అస్నీ గొంతులో నీళ్ళు కదిలాయి. "అక్కడివాళ్ళు నిజమేంటని అడగరే. పైకి చెప్పిన మాటే పట్టుకుంటారు. చంపినవాళ్ళ పక్కనే నా పడక అన్నారు. నేను నీ పక్కన పడుకుంటే... మంచు కరిగేలోపు నువ్వు కూడా నాలాగే అయిపోతావు."

"అవుతాను. ఐతే ఏమిటి?"

"పిచ్చిదానా. మాట వెనక్కి తీసుకో. నిజం ఒక్కసారి పైకి చెప్పు. నేను మీ నాన్న దగ్గరికి పోతాను. అక్కడికి పోయాక... నువ్వెవరో నాకు గుర్తుండదు. అంతే. నీ ప్రాణం దక్కుతుంది."

యోరున్ లేచి నిలబడింది. అటు నాన్న ప్రాణం, ఇటు అస్నీకి తను గుర్తుండటం. రెండూ దక్కే దారి ఒకటే ఉంది. దానికి పెద్దగా ఆలోచించాల్సిన పనే లేదనిపించింది.

"అస్నీ," అంది, దాదాపు సంతోషంగా. "నిన్ను చంపింది నేనే."

పైన అస్నీ ఏడ్చింది. కన్నీళ్ళు కావు, మంచు మీద టపటపా పడుతున్నవి సముద్రపు నీళ్ళు. చప్పుడు లేకుండా కిందికి దిగింది. చెయ్యి చాపి యోరున్ చెంప మీద పెట్టింది. ఎంత చల్లన... కాలినట్టయింది. యోరున్ ఆ చేతిని వదల్లేదు. ఇంకా గట్టిగా హత్తుకుంది. దీపం జారిపోయింది. ఊపిరి తీసుకుంది... మళ్ళీ తీసుకుంది... మూడోది రాలేదు.

తలుపు కిర్రుమంది.

"యోరున్. లోపలికి రా."

ఓర్మ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో.

"వద్దు... నాన్నా..."

"ఆ పిల్ల నీ మీద గొడ్డలి ఎత్తింది, నేను నా కళ్ళతో చూశాను."

"ఆట నాన్నా. అది ఉత్త ఆట. మేమెప్పుడూ... అలాగే ఆడుకునేవాళ్ళం."

ముసలాయన మొహంలో రంగు పోయింది.

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"చెబితే?"

ఓర్మ్ కూతురి పెదాలు నీలంగా మారడం చూశాడు. ఆమె చెంప మీదున్న తెల్లని వేళ్ళు చూశాడు. సభలో అందరి ముందూ మాట్లాడేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పకు, చెప్పకు..."

"అస్నీ!" అన్నాడు ఓర్మ్. "నిన్ను చంపింది నేనే."

యోరున్ చెంప మీది చెయ్యి జారిపోయింది. అస్నీ కళ్ళు ఇంకా ఆమె మీదే ఉన్నాయి, కానీ వాటిలోంచి చూస్తున్న మనిషి వెళ్ళిపోయింది. దారిలో అడ్డొచ్చిన రాయిని చూసినట్టు చూసి, పక్కకి తప్పుకుని, లోపలికి తిరిగిన ఓర్మ్ వెనకే గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది. ఆయన మళ్ళీ కూతుర్ని కాపాడాడు. కాపాడి, ఆమెకి ఉన్న ఒక్కదాన్నీ మళ్ళీ చేతుల్లోంచి లాక్కుపోయాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా యోరున్‌కి చేతకాలేదు. చెంప మీద చల్లదనం తగ్గిపోతుంటే, అది పోతోందనే ఆమె మంచులో కూర్చుని గుండెలు పగిలేలా ఏడ్చింది.

ఎప్పుడు లేచిందో, ఎలా లోపలికొచ్చిందో ఆమెకే తెలియదు. చూసేసరికి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తలుపుకి లోపలినుంచి గడియ వేసే ఉంది. గ్రోవా పీట మీద వాలి గుర్రు పెడుతోంది. ఓర్మ్ పడక మీద గోడవైపు జరిగి పడుకుని, పక్కన ఇంకొకరికి చోటిచ్చాడు. అక్కడ యోరున్‌కి ఎవరూ కనపడలేదు. కానీ ఆ చోట గొర్రెతోలు నెమ్మదిగా కిందికి అణిగింది.

"నాన్నా," అంది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. "కనిపిస్తోందా?"

"ఊఁ." ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నా గురించి ఏమైనా... అంటోందా?"

ఓర్మ్ తల తిప్పి చెవి ఒగ్గాడు.

"ఎవరా అమ్మాయి అని అడుగుతోంది."

యోరున్ కళ్ళు మూసుకుంది. ముందే తెలిసిన మాటే.

"చెప్పు నాన్నా. నా పేరు చెప్పు. పేరైనా విననీ."

"నా కూతురు, యోరున్," అన్నాడు ఓర్మ్ పక్కకి తిరిగి. చాలాసేపు విన్నాడు. మెల్లిగా ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మొదటిసారి భయంగా కూతురి మొహంలోకి చూశాడు.

"ఏమంటోంది?"

"కాదంటోంది."

"కాదంటే?"

"యోరున్ బయటే ఉండిపోయిందట..." అన్నాడు. "పాపం చలిలో నిలబడి ఉందట... లోపలికి రానివ్వమంటోంది."

బయట, తలుపుకి ఆనుకుని, ఎవరో దగ్గారు. అచ్చం యోరున్ గొంతు.

గ్రోవా గుర్రు ఆగింది. ముసలిది కళ్ళు నులుముకుంటూ లేచింది.

"వస్తున్నా తల్లీ, వస్తున్నా," అంది. "ఈ మంచులో బయటేం పనే నీకు, యోరున్?"

చెయ్యి ముందుకి చాపుకుని తలుపు వైపు నడిచింది. యోరున్ గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అవ్వా, ఆగు. నేనిక్కడే ఉన్నాను."

ఆ మాట వినిపించని గ్రోవా, చలిగాలి తగిలినట్టు మోచెయ్యి రుద్దుకుని, గడియ తీసింది.