సముద్రం ఉన్న గుండె

భీమిలి మెడికల్ కాలేజీలో మధ్యాహ్నం. హాల్లో నలభై మంది స్టూడెంట్లు నిద్రపోతున్నారు. ఒక్కొక్కరి తలకింద ఒక మెత్తటి దిండు. దాని పేరు నిద్రబడి.

అది చేసే పని సింపుల్. మంచి గుండె ఎలా కొట్టుకుంటుందో నిద్రలో పదే పదే వినిపిస్తుంది. కోర్సు అయ్యేసరికి ఆ చప్పుడు చెవికి అమ్మ గొంతులా గుర్తుండిపోతుంది. తర్వాత స్టెతస్కోప్ పెడితే చాలు, కాస్త తేడా ఉన్నా దొరికిపోతుంది. అందుకే గుండెని తెరమీద చూపించే ఎకో మెషిన్లన్నీ స్టోర్‌రూమ్‌కి వెళ్లిపోయాయి.

"మా అందరికీ కలలో సముద్రమే వస్తోంది సార్," అంది ఝాన్సీ, కళ్లు నులుముకుంటూ లేచి. "అల వెనక్కి పోతుంటే ఇసక సర్ర్‌మంటుంది చూడండి, అలాగ."

దిండు కనిపెట్టిన ప్రొఫెసర్ సూరిబాబు గారు మురిసిపోయారు. అందులో ఉన్నది ఆయన గుండే. గంటల తరబడి కదలకుండా పడుకునే మనిషి ఎవరూ దొరక్క, తనదే రికార్డ్ చేసుకున్నారు.

ఝాన్సీ డాక్టరైంది. కొన్నేళ్లకి సూరిబాబు గారు మెట్లెక్కుతూ మధ్యలోనే కూర్చుండిపోవడం మొదలైంది. భార్య రత్నకుమారి ఆయన్ని ఝాన్సీ దగ్గరికి తీసుకొచ్చింది.

స్టెతస్కోప్ పెట్టగానే ఝాన్సీ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"ఎంత బాగుందో సార్! బయట ఇలాంటి గుండె ఒక్కటీ తగల్లేదు నాకు. అందరివీ ఎండిపోయినట్టుంటాయి. మందులు రాయలేక చస్తున్నా."

"మనిషికి ఊపిరాడక మాట రావట్లేదు, బాగుందంటావేంటమ్మా?" అంది రత్నకుమారి. "ఆ పాత మెషిన్ బయటికి తియ్యి. దుమ్ము నేను దులుపుతాను."

తెరమీద గుండె కనబడింది. లోపల ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు. కొట్టుకున్న ప్రతిసారీ కొంచెం రక్తం వెనక్కి జారిపోతోంది. సర్ర్.

"ఎప్పట్నుంచి ఉందంటావ్?" సూరిబాబు గారు మెల్లగా అడిగారు.

"మేం మీ దిండుమీద నిద్రపోయినప్పట్నుంచీ సార్." ఝాన్సీ మొహం పాలిపోయింది. "మరి నేను మందులు రాసినవాళ్లంతా..."



ఆపరేషన్ చేసి వాల్వ్ బాగుచేశారు. కోలుకున్నాక సూరిబాబు గారు ఆగకుండా మెట్లెక్కి ఝాన్సీ గదికి వచ్చారు, వెనకే రత్నకుమారి.

"విను. ఇది దిండులోకి పనికొస్తుందా?"

ఝాన్సీ విన్నది. లబ్ డబ్. లబ్ డబ్. శుభ్రంగా ఉంది. సముద్రం లేదు.

"ఇదే కరెక్ట్. నాకు తెలుసు సార్," అంది. "కానీ చెవికి మాత్రం ఎండిపోయినట్టే ఉంది, భయమేస్తోంది. కాసేపు పడుకోండి, ప్లీజ్."

చెయ్యి అప్పటికే మందుల చీటీ మీదికి పోయింది. రత్నకుమారి ఆ పెన్ను మెల్లగా లాక్కుంది.