దీపం గదిలో ఊపిరి

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఏలూరు పవర్‌పేటలో మెడికల్ పరికరాల కొట్టు, ఒక పాత వ్యాన్, అద్దెకిచ్చే బైపాప్ మెషీన్లు కొన్ని, నాన్నగారు పెట్టిన ఒక నియమం, హిమజ గారి కోపం.

బైపాప్ అంటే ఊపిరి అందని మనిషికి మాస్కు ద్వారా గాలిని లోపలికి తోసే యంత్రం. నాన్నగారి నియమం ఏమిటంటే, మనిషి పోయిన ఇంటి నుంచి మైల తీరేదాకా మా వస్తువు వెనక్కి తెచ్చుకోకూడదు. ఇక కోపం సంగతి. హిమజ గారు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో రెస్పిరేటరీ థెరపిస్టు. ఇంటికి వెళ్ళే పేషెంట్లకు మెషీన్ అమర్చేది ఆవిడ, అద్దెకిచ్చేది నేను. మొదటిసారి కలిసిన రోజే నా మెషీన్ ఫిల్టరును వెలుతురుకు ఎత్తి చూసి, "సగం కొల్లేరు ఇందులోనే ఉందండీ" అన్నారు. ఆ తరువాత నేను కొత్త ఫిల్టరు వేయకుండా ఏ మెషీన్నీ కొట్టు గడప దాటనివ్వలేదు. అయినా ఆవిడ ఒక్కసారీ మెచ్చుకోలేదు.

డిసెంబరులో ఒక ఉదయం ఫోన్ చేశారు.

"అభిషేక్ గారూ, వీరరాఘవులు గారి మెషీన్ ఎవరికిచ్చారు?"

వీరరాఘవులు గారు మండవల్లి దగ్గర చేపల చెరువులున్న రైతు. ఆ వారమే ఇంట్లో పోయారు.

"ఎవరికీ ఇవ్వలేదండీ. వాళ్ళింట్లోనే ఉంది."

మెషీన్‌లో సిమ్ ఉంటుందనీ, ఎంతసేపు వాడారో, ఊపిరి ఎలా తీశారో మర్నాటికల్లా తన ఫోనుకు రిపోర్టు వస్తుందనీ ఆవిడ గుర్తుచేశారు. నిన్నా మొన్నా ఎవరో వాడారట. ఆ ఇంట్లో ఇంకో పేషెంటు లేరని నేను చెప్పాను.



"మరి ఊపిరి పీల్చింది ఎవరండీ?" అన్నారు, గొంతు తగ్గించి.

ఇద్దరం వ్యాన్‌లో బయలుదేరాం. కైకలూరు రోడ్డంతా మంచు. రెండు పక్కలా చెరువులు కనపడటం లేదు గానీ, వాటిలో చేపలకు గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళను చిలికే చప్పుడు వినపడుతోంది. ఎవరో పెద్ద మనిషి మా వెంటే ఊపిరి తీస్తూ వస్తున్నట్టుంది. హిమజ గారు అద్దం పైకి ఎక్కించారు.

"భయమేస్తోందా?" అని అడిగారు నన్ను.

"మెషీన్ అంటే భయం లేదండీ. మీరంటేనే."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఫోను చూసుకున్నారు. వెంటనే ముఖం మారింది. వీరరాఘవులు గారిది నిదానమైన పెద్ద ఊపిరట. ఇది చిన్నది, గబగబా తీసినది.

"ఇది ఆయన కాదు. ఎవరో ఆయాసపడుతున్నారు. ఆయనకు పెట్టిన ప్రెషర్ వీళ్ళకు పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది."

ఇంటి ముందు జనం గుసగుసలాడుతున్నారు. కొడుకు సాయికృష్ణ మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళి, నాన్న ఇంకా పోలేదని చెప్పాడు. ఆయన పోయిన చోట పెట్టిన దీపం పెద్దకర్మ దాకా కొండెక్కకూడదు. ఆ గదిలోంచి ఆయన ఊపిరి అందరికీ వినపడుతోందట. అతని భార్య వెంకటలక్ష్మి ఆ వైపు చూడనైనా చూడటం లేదు. వీరరాఘవులు గారి భార్య జగదాంబ గారొక్కరే నూనె పోయడానికి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటున్నారు.

నేను తలుపు తోశాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. దీపం వెలుగులో, ఆయన మంచం మీద, ఆయన మాస్కు పెట్టుకుని ఒక ఆకారం కూర్చుంది. ముఖం కనపడటం లేదు. ఊపిరి మాత్రం గదంతా పైకీ కిందికీ ఆడుతోంది. ఆ చెయ్యి నెమ్మదిగా లేచి, దీపంలో నూనె పోస్తోంది.

హిమజ గారు నా మణికట్టు పట్టుకున్నారు. నా భయం ఊపిరి గురించి, ఆవిడ భయం దీపం గురించి. మంచం పక్కనున్న సిలిండర్ నుంచి మాస్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించి ఉంది. ఆక్సిజన్ పారే చోట నిప్పు ఉంటే చీర, పరుపు, మనిషి క్షణంలో అంటుకుంటాయి.

"ముందు ఆక్సిజన్ ఆపండి," అన్నారు మెల్లగా. "పరుగెత్తకండి."

ఆపాను. ఆవిడ కిటికీలు తెరిచి, మాస్కు తీశారు. లోపల జగదాంబ గారు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆయన పీల్చిన గాలేగా బాబూ," అన్నారు ఆగి ఆగి. "నాకూ ఎప్పటినుంచో ఆయాసమే. ఆయనకే బాగాలేనప్పుడు నాదేం చెప్పను?"

వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు హిమజ గారు. పెద్దకర్మ కాకుండా అమ్మ గడప దాటకూడదనీ, దీపం ఎవరు చూస్తారనీ సాయికృష్ణ అడ్డం వచ్చాడు. హిమజ గారికి కోపం వస్తోంది. బేరం నా పని గనుక నేను ముందుకు వచ్చాను.

"దీపాన్ని మేము ముట్టుకోమండీ, అది అక్కడే ఉంటుంది. నూనె వెంకటలక్ష్మి గారు పోస్తారు. ఆ ఊపిరి ఎవరిదో తెలిసిందిగా, ఇంక భయమెందుకు? మీ అమ్మగారికి కూడా దీపం పెట్టే పని రాకూడదనే మేము వచ్చాం."

సాయికృష్ణ తల్లి నీలి పెదవుల వైపు చూశాడు. తరువాత తనే ఎత్తుకుని వ్యాన్ ఎక్కించాడు.

కట్టెల పొయ్యి పొగకు ఏళ్ళ తరబడి దెబ్బతిన్న ఊపిరితిత్తులని డాక్టర్లు చెప్పారు. తన ముఖానికి సరిపోయే మాస్కుతో, తనకు తగిన ప్రెషర్‌తో జగదాంబ గారు తేరుకున్నారు.

ఆవిడ వార్డుకు మారిన సాయంత్రం హిమజ గారు నన్ను ఐసీయూ బయటికి పిలిచి ఫోను చూపించారు. అందులో ఉన్నది వీరరాఘవులు గారిని దహనానికి తీసుకెళ్ళిన సమయం. గదిలో ఎవరూ లేరు. జగదాంబ గారు అప్పటికి మాస్కు ముట్టుకోలేదట. రిపోర్టులో ఒకే ఒక్క ఊపిరి ఉంది. నిదానమైనది, పెద్దది.

"సెన్సర్ పొరపాటేమోనండీ," అన్నాను.

"అయ్యుండొచ్చు. కానీ దీన్ని నేను ఒక్కదాన్నే చూసుకోవాలని లేదు."

"అయితే ఇద్దరం చూద్దాం. రోజూ."

"రోజూ అంటే?"

"మీ నాన్నగారిని అడగమంటారా?"

ఆవిడ ఐసీయూ మాస్కు వెనక ఏముందో కనపడలేదు. కళ్ళు మాత్రం, "అడగడానికి ఇంత ఆలస్యమా" అన్నాయి.

చివరికి తేలింది ఇది. జగదాంబ గారు ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీద వండుతున్నారు. హిమజ మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఎవరి పేరు మీదా రాయలేని ఆ ఊపిరి ఆమె ఫోనులోనే ఉంది. చెరిపేద్దామని ఆమె అనలేదు, నేనూ అనలేదు. దాన్ని కూడా లాభంలోనే కలుపుకున్నాం.