తొలి డాక్టరమ్మ కపాలం

అసుర సంధ్య వేళ! సూర్యుడు కుంకాడో, కారుమబ్బులే మింగేశాయో తెలియని చీకటి... ఫెళఫెళమంటూ ఉరుములు ఆకాశాన్ని చీలుస్తున్నాయి. నగరం నడిబొడ్డున, ఎర్రరాతి గుమ్మటాలతో, కొండచిలువలా చుట్టలు తిరిగిన వరండాలతో నిలిచిన పెద్దాసుపత్రి మీద మెరుపు మెరిసిన ప్రతిసారీ, గుమ్మటం అంచున కూర్చున్న గుడ్లగూబ కళ్లు నిప్పుకణికల్లా భగ్గుమంటున్నాయి!

ఒకప్పుడు అది ఆసుపత్రి కాదు. ఊరి బయట, మహమ్మారి సోకినవాళ్లను తెచ్చి పడేసే రేకుల షెడ్డు. లోపలికి తోసి బయట తాళం వేసేవారు. మళ్లీ తాళం తీసేది శవాలను ఈడ్చుకెళ్లడానికే! ఆ తాళాన్ని ఒకనాడు బండరాయితో పగలగొట్టి లోపలికి నడిచింది ఒక యువతి... ఆ నగరపు తొలి డాక్టరమ్మ! అయినవాళ్లు వద్దన్నా వినలేదు. ఒంటి మీది నగలు, తండ్రి ఇచ్చిన ఇల్లు, చివరికి తన యవ్వనం, అన్నీ ఆ రోగుల పాలు చేసింది. గడప గడపా ఎక్కి చందాలడిగి, రేకుల షెడ్డు స్థానంలో రాతికట్టడం లేపింది. "ఈ గడపలోకి వచ్చిన ఏ ప్రాణికీ నా చేత కీడు జరగదు" అని పునాదిరాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. అక్కడే ముసలిదై, అక్కడే కన్ను మూసింది. పోతూ పోతూ తన ఎముకలు కూడా చదువుకునే పిల్లలకే ఇచ్చేసింది! ఆమె కపాలం ఇప్పటికీ పాత భవనంలో, కింది అంతస్తులో, ఎముకల గది అద్దాల బీరువాలో ఉంది. ఆ గది తాళంచెవి ఎప్పుడూ పిల్లలకు ఎముకల పాఠం చెప్పే మాస్టారి దగ్గరే ఉంటుంది.

ఈ చరిత్రంతా కాన్పుల వార్డు హెడ్ నర్సుకు కంఠతా వచ్చు. పైవాళ్లతో పోట్లాడినప్పుడల్లా అదే ఎత్తుకునేది. కుళాయిలో నీళ్లు రాకపోతే, లిఫ్టు నడవకపోతే, మంచానికి ఇద్దరేసి బాలింతలను పడుకోబెట్టమంటే, "ఆ మహాతల్లి చూస్తే ఏమంటుంది సార్?" అని నిలదీసేది. జవాబు ఎవరూ చెప్పలేదు గాని, ఆమెకు సణుగుడు సిస్టర్ అని పేరు మాత్రం పెట్టారు.

కొన్నేళ్లుగా ఆమె సణుగుడు ఒకటే. పాత భవనంలో, ఎముకల గదికి సరిగ్గా పైనున్న మూలమంచం! దాని మీద పడుకున్న బాలింత తిరిగి లేవడం లేదు. సుఖంగా కాన్పై, బిడ్డను చూసి మురిసిన ఆడపిల్లలు ఉన్నట్టుండి వడలిపోయి, పెదవులు నల్లబడి, కళ్లు లోతుకుపోయి... ఏ పరీక్షకూ అందని మరణం! ఆ మంచం తీయించమని అడిగిన ప్రతిసారీ కమిటీ వేశారు. కమిటీ వచ్చింది, టీ తాగింది, వెళ్లింది. విసిగి వేసారి ఒకసారి తానే ఆ మంచాన్ని వరండాలోకి లాగి పారేసింది. తెల్లారేసరికి అక్కడ ఇంకో మంచం! చోటు చాలని ఆసుపత్రిలో ఖాళీని ఎవరుంచుతారు?

ఇప్పుడా మంచం మీద ఉన్నది... ఆమె సొంత చెల్లెలు! అక్క డ్యూటీలో లేని పూట కాన్పై, ఇంకెక్కడా చోటు లేక, ఆ మూలకే చేర్చారు.

"వదినా!" చెల్లెలి మొగుడు మెట్ల మీదే ఎదురొచ్చాడు. "త్వరగా రా వదినా! అది... అది మా ఆవిడ గొంతు కాదు!"

ఆమె పరుగెత్తింది. మంచం మీద చెల్లెలు విల్లులా వంగి ఉంది. విరబోసుకున్న కురులు... పైకి తిరిగిపోయిన కనుగుడ్లు... పళ్ల మధ్య నుంచి నురగ! పక్క మంచాల వాళ్లు బిడ్డలను పొదువుకుని గోడకు కరుచుకుపోయారు. నర్సు చెల్లెలి భుజాలు పట్టుకుంది. మంచుగడ్డలా చల్లగా తగిలాయి.

"ఒసేయ్, నేనే! అక్కనే! ఇటు చూడవే!"

చెల్లెలి నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చిన గొంతు ముసలిది... అధికారం తెలిసినది... అలసిపోయినది!

"మంచానికి ఇద్దరా? ఇదేనా నేను కట్టిన ఆసుపత్రి?"

నర్సు ఆ నోటి దగ్గరికి చెవి వంచింది.

"కింద... వాడి చేతిలో నా తల ఉందమ్మాయ్! దాన్ని అడ్డం పెట్టుకుని వీళ్ల ప్రాణం పీలుస్తున్నాడు. ఆపలేకపోతున్నాను... నీ చెల్లెలు ఈ రాత్రి గడిచేదాకా బతకదు!"

అంతలో ఆ శరీరం మంచం మీదికి దబ్బున కూలిపోయింది. ఊపిరి దారంలా ఆడుతోంది.

నర్సు సూపరింటెండెంటు గది తలుపు తోసుకుని వెళ్లింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. కళ్లజోడు మీదుగా చూశాడు.

"సార్, ఎముకల గది తలుపు తీయించండి. మా చెల్లి చచ్చిపోతోంది."

"చెల్లికి బాగోకపోతే డ్యూటీ డాక్టరును పిలవాలి గాని, ఎముకల గదేమిటి సిస్టర్?"

"ఆ మాస్టారు లోపల ఏదో చేస్తున్నాడు సార్."

"ఎముకల మాస్టారా? భలేవారే! ఎంత పెద్దమనిషాయన! నేనిక్కడ చదువుకున్నప్పుడు నాకూ ఆయనే పాఠం చెప్పారు. సరే, ఓ అర్జీ రాసివ్వండి, చూద్దాం."

ఆమె మనసు ఆ చివరి మాట మీద లేదు. సూపరింటెండెంటు తల ముగ్గుబుట్ట. ఆయనకు పాఠం చెప్పిన మాస్టారి జుట్టు నేటికీ కాటుక నలుపు! ముఖం మీద ఒక్క ముడత లేదు! ఇన్నేళ్లుగా అందరూ ఆ మనిషికి నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్లిపోయారు. ఒక్కరూ నిలబడి చూడలేదు... తనతో సహా!

పళ్లు కొరుక్కుంటూ బయటపడింది. వరండాలో ఆక్సిజన్ సిలిండరుకు వేలాడుతున్న ఇనుప పానా లాక్కుంది. కింది అంతస్తులో ఎముకల గది తలుపు లోపల గడియ వేసి ఉంది. గాజు పలక మీద ఒక్క దెబ్బ! భళ్లున పగిలింది. చెయ్యి లోపలికి పెట్టి గడియ తీసింది. మోచేతి నుంచి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు.

లోపల... దుర్గంధభూయిష్ఠమైన ధూమం! గోడల వెంట వేలాడే అస్థిపంజరాలు గాలి లేకుండానే కటకటలాడుతున్నాయి. నడిమధ్య పాలరాతి బల్ల మీద, బూడిదతో గీసిన వలయంలో, రక్తచూర్ణం పూసిన కపాలం... దాని ముందు చెల్లెలి నెత్తురంటిన దూది... కొవ్వుతో వెలుగుతున్న నల్లని దీపం! దిగంబరంగా కూర్చున్న మాస్టారి పెదవుల నుంచి బీజాక్షరాలు పాము బుసల్లా వెలువడుతున్నాయి.

"ఆపు!" పానా ఎత్తి మీదికి ఉరికింది.

అతడు వేలు కదిపాడు. అంతే! ఆమె కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. పానా జారి పడింది.

"మూర్ఖురాలా!" వికటాట్టహాసం చేశాడు. "నేనెవరనుకున్నావు? ఈమె రేకుల షెడ్డు నడిపిన నాడు మందులు కలిపిన కాంపౌండర్ని నేను! మహమ్మారి వచ్చిన ప్రతిసారీ కడుపు నిండా తిన్నాను. సూపరింటెండెంట్లు వస్తారు, పోతారు... నేను మాత్రం ఉంటాను! ఈ ఆసుపత్రి నా వంటిల్లు!"

"డాక్టరమ్మా!" నర్సు అరిచింది. "వింటున్నారా?"

"వింటుంది. వినడమే గాని ఏమీ చెయ్యలేదు! ఈ గడపలో ఏ ప్రాణికీ కీడు చెయ్యనని ప్రమాణం చేసింది కదా! ఆ ప్రమాణమే నేను వేసిన సంకెల. నేనూ ఈ గడపలోని ప్రాణినే!"

దీపం రెపరెపలాడింది. పై అంతస్తు నుంచి మరిది ఏడుపు... "వదినా, ఊపిరి ఆగిపోతోంది!"

కాళ్లు కదలవు. చేతులు కదలవు. ఇన్నేళ్లుగా గోడలకు చెప్పుకున్న గోడంతా, మింగుకున్న కసంతా ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది.

"ఏం డాక్టరమ్మా! మీరూ వాళ్లలాగే చూస్తూ కూర్చుంటారా? అందరి కాళ్లూ పట్టుకున్నాను. ఎవరూ కదల్లేదు. మీరూ నన్ను అర్జీ రాసి తెమ్మంటారా? కీడు చెయ్యొద్దు, సరే! మరి వైద్యం చెయ్యరా? వీడు మనిషనుకుంటున్నారా? బాలింతలను తినేస్తున్న రోగం వీడు! వార్డులో రోగం కనబడితే ఊరుకునే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా?"

మాస్టారి నవ్వు ఆగిపోయింది.

కపాలం నెమ్మదిగా... అతడి వైపు తిరిగింది!

శూన్యమైన కనుగూళ్లలో తెల్లని కాంతి! ఆపరేషను గదిలో దీపంలా, నీడన్నదే మిగల్చని కాంతి! గది నిండా ఘాటైన ఫినాయిల్ వాసన కమ్ముకుంది. బూడిద వలయం చెదిరిపోయింది. కాంతిలోంచి రెండు చేతులు వచ్చాయి. ముడతలు పడినవి, మోచేతుల దాకా కడుక్కున్నవి, ఏమాత్రం వణకనివి...

"వద్దు! అమ్మా, నేను నీ కాంపౌండర్ని!"

"పట్టుకోండి, కదలనివ్వకండి" అంది ఆ ముసలి గొంతు.

గోడల వెంట ఉన్న అస్థిపంజరాలన్నీ కొక్కేల నుంచి దిగాయి! ఎవరెవరి ఆయువు మింగాడో, ఆ ఆయువంతా ఒక్కొక్క ఏడాదిగా అతడి నుంచి బయటికి లాగాయి ఆ చేతులు. నల్లని జుట్టు నెరిసి రాలింది. చర్మం కాగితంలా చిట్లింది. దిక్కులు పిక్కటిల్లే ఆర్తనాదం... పిడుగు! దీపం ఆరిపోయింది. బల్ల పక్కన గుప్పెడు మట్టి మిగిలింది.

కాళ్లు వదులయ్యాయి. నర్సు కపాలాన్ని తన చీర కొంగుతో తుడిచి, ఉతికిన దుప్పటిలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, మెట్లెక్కింది. వరండాలో సూపరింటెండెంటు ఎదురయ్యాడు.

"ఆ అద్దం పగలగొట్టిందెవరు సిస్టర్? సంజాయిషీ ఇవ్వాలి తెలుసా?"

ఆమె ఆగలేదు.

వార్డులో చెల్లెలి పెదవులకు రంగు తిరిగొస్తోంది. మరిది ఆమె పాదాలు రుద్దుతూ వెక్కుతున్నాడు. నర్సు మంచం అంచున కూర్చుని, ఒళ్లో దుప్పటి మూట పెట్టుకుని, చెల్లెలి నాడి పట్టుకుంది. నిలకడగా కొట్టుకుంటోంది. అప్పుడు కళ్లు తెరవకుండానే చెల్లెలి పెదవులు కదిలాయి. అదే ముసలి గొంతు, ఈసారి చాలా మెల్లగా.

"సిస్టర్... ఇక నేను పడుకోవచ్చా?"

నర్సు ఒళ్లోని మూట మీద చెయ్యి వేసింది.

"పడుకోండి డాక్టరమ్మా. డ్యూటీ నాది."